తిరుపతిలో ఉంటూ నాస్తికత్వం దాచుకోకుండా బతకడం ఎట్లా?

అలిపిరి_కింద (ప్రశ్న)

ఈ ఊళ్ళో ఫోనెత్తితే 'ఓం నమో వేంకటేశాయ', ఆటో ఎక్కితే 'ఎక్కడికి సామీ'. ఇంటికొకరు దేవస్థానంలోనో, యాత్రికుల మీద నడిచే లాడ్జీలోనో, టాక్సీలోనో, పూల అంగట్లోనో పని చేస్తుంటారు. ఇట్లాంటి చోట దేవుణ్ణి నమ్మని మనిషి ఆ సంగతి దాచుకోకుండా, అట్లని రోజూ కొట్లాటకు దిగకుండా బతకాలంటే ఏం చేయాలి?

దేవుడున్నాడా లేడా అనే చర్చ వద్దు, దానికి వేరే చోట్లు బోలెడున్నాయి. పనికొచ్చే మాట కావాలి. ఇంట్లో ముందు ఎవరికి చెప్పాలి? అమ్మ మొక్కిన తలనీలాల సంగతేమిటి? ప్రసాదం చేతిలో పెడితే తీసుకోవాలా? తంతు లేకుండా పెళ్ళి చేసుకుంటే చట్టంలో చెల్లుతుందా? ఫారాల్లో మతం గడి ఎట్లా నింపాలి? చీటీ డబ్బుల తగాదాలో 'కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్' అంటే ఏం జవాబు చెప్పాలి? ఒక్కొక్కరు తెలిసినంత వరకే చెప్పినా చాలు.

చంద్రగిరి_గాలి

నోరు తెరిచే ముందు కాగితం మీద రెండు వరసలు రాసుకోండన్నా: చేయనివి, చేసేవి. 'నాకు నమ్మకం లేదు' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఇంట్లోవాళ్ళకు వినిపించేది వేరే. చెల్లి పెళ్ళిపీటల దగ్గర నిలబడడేమో, నాయనకు తలకొరివి పెట్టడేమో, రేపు పిల్లలకు పుట్టెంట్రుకలు తీయనివ్వడేమో అని ఎక్కడెక్కడికో పోతారు. 'పూజలో కూర్చోను, వంటా పందిరీ బంధువుల రాకపోకలూ నేను చూసుకుంటా' అని చెబితే ఆ ఊహలకు చోటుండదు. మీరు చేయని పని ఇంకెవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చండి. చాలా ఇళ్ళలో గొడవ దేవుడి గురించి కాదు, ఆ రోజు పీట మీద ఎవరు కూర్చుంటారన్నదాని గురించి.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. బొట్టు మానేసినవాణ్ణి చూసి ఎవరూ నాస్తికుడు అనుకోరు, మతం మారాడనుకుంటారు. అందుకని మొదటి వాక్యమే 'నేను ఏ మతంలోకీ పోలేదు, పోను' అని ఉండాలి. ఇది వదిలేసి రెండు గంటలు తర్కం మాట్లాడినా, చివర్లో 'అంతా సరే, ఏ చర్చి?' అని అడుగుతారు.

అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ప్రకటన చేయొద్దు. ఇంట్లో మాట చెల్లే మనిషి ఒకరుంటారు, అక్కో పెద్దమ్మో మేనమామో. ముందు వాళ్ళకు చెప్పండి. పండగ పూట, ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు, చావింట్లో పెద్దకర్మ అయ్యేదాకా, కొండకు బయల్దేరే ముందు రాత్రి మాత్రం ఈ మాట ఎత్తొద్దు.

కొండ సంగతి. 300 రూపాయల దర్శనం టికెట్లు రెండు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. పేరు పేరుకీ ఆధార్ నంబరు ఎక్కించాలి, ఎక్కించాక ఆ టికెట్టు ఇంకొకరికి మార్చడానికి లేదు. 'నేను లోపలికి రాను' అనే మాట ఆ నంబరు అడిగిన రోజే చెప్పాలి. వైకుంఠం క్యూ దగ్గర చెబితే టికెట్టూ పోతుంది, ఆ రోజు అందరి మనసూ పాడవుతుంది. బండి తోలడం, సామాను చూసుకోవడం, పెద్దవాళ్ళను మెట్ల దారిలో నడిపించడం మీ వంతుకు తీసుకోండి. అలిపిరి నుంచి మెట్లు 3,550, శ్రీవారిమెట్టు దారిలో 2,388. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పక్కన తోడు మనిషే ముఖ్యం, ఆ మనిషి గోవింద అంటున్నాడా లేదా అన్నది మూడు వందల మెట్లు దాటాక ఎవరూ పట్టించుకోరు. సిగరెట్ పెట్టె జేబులో ఉంటే అలిపిరి తనిఖీలోనే తీసేస్తారు. మాడవీధుల్లో చెప్పులు వేసుకోకూడదు, అది మీకూ వర్తిస్తుంది.

వాళ్ళు దర్శనంలో ఉన్నంతసేపూ ఫోను చూస్తూ కూర్చోనక్కర్లేదు. కొండ మీదే శిలాతోరణం ఉంది, తనంతట తానే ఏర్పడిన రాతి తోరణం. ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి ఉండే రాతి కోత ఇంకా బాగుంటుంది. కింద పాత గ్రానైటు, దాని మీద అడ్డంగా పరుచుకున్న క్వార్ట్‌జైటు. ఆ రెంటినీ విడదీసే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. శిలాతోరణం, ఈ రాతి కోత రెండూ జాతీయ భూగర్భ స్మారకాలే. పిల్లలుంటే తీసుకుపోయి చూపించండి.

తలనీలాలు. మొక్కు అమ్మది, జుట్టు మీది. ఇద్దరి మాటా నిలవాలంటే ఒక దారుంది: మొక్కుకున్నామె తనే మూడు కత్తెరలు ఇవ్వడం, అంటే మూడుసార్లు కత్తెర వేసి జుట్టు కొసలు ఇవ్వడం. ఆడవాళ్ళు గుండుకు బదులు అట్లా ఇవ్వడం ఎప్పట్నుంచో ఉన్నదే. ఈ ఏర్పాటు ఇంట్లోనే తేలాలి, కల్యాణకట్ట దగ్గర కాదు. గుండు చేయించుకుంటే మీకు పోయేదేమీ లేదనుకుంటే చేయించుకోండి, అదీ తప్పు కాదు. కానీ ఒకసారి ఒప్పుకుంటే తర్వాతి మొక్కు మీ తల మీదే పడుతుందని తెలిసే ఒప్పుకోండి.

ప్రసాదం తీసుకుని తినండి. లడ్డూ అంటే శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు. పెట్టినామె చేతిని తోసేసి మీరు నిరూపించేది ఏమీ లేదు.

స్టాంపుల_అంగడి

కాగితాల భాగం నాకు వదిలేయండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

దండలు మార్చుకుని, నలుగురితో ఫొటో దిగి, హిందూ వివాహ చట్టం (1955) కింద రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఆ చట్టం 7వ సెక్షను వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలంటుంది. తంతు జరగనప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇప్పుడు ఏమీ కాదు. పదేళ్ళ తర్వాత ఆస్తి పంపకంలోనో, పెన్షన్ దగ్గరో ఎవరో ఒకరు 'అసలు పెళ్ళే కాలేదు' అన్నప్పుడు తెలుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, చట్టం పురోహితుణ్ణి అడగదు, ఆచారాన్ని అడుగుతుంది. మీ కులంలో పెద్దల ఎదుట తాళి కట్టడమే ఆచారమైతే అదే చాలు.

చిత్తూరు వైపు ఇంకో పొరపాటు వినిపిస్తుంటుంది: 'వేలూరులో మా చుట్టాలు స్వయంమర్యాద పెళ్ళి (పురోహితుడు లేకుండా బంధుమిత్రుల ఎదుట చేసుకునేది) చేసుకున్నారు, మనమూ అట్లాగే' అని. అది 1967లో తమిళనాడు తన రాష్ట్రానికి చేర్చుకున్న 7ఏ సెక్షను. సరిహద్దు దాటి ఇవతలికి వస్తే అది లేదు.

తంతు అసలే వద్దనుకుంటే ప్రత్యేక వివాహ చట్టం (1954) ఒక్కటే గట్టి దారి. క్రమం ఇదీ. ఇద్దరిలో ఒకరైనా ఆ వివాహాధికారి పరిధిలో కనీసం 30 రోజులు నివాసం ఉండాలి. చట్టంలో రాసిన 'జిల్లా' అంటే ఆ అధికారికి కేటాయించిన ప్రాంతం, కలెక్టరేట్ జిల్లా కాదు. 2022లో తిరుపతి జిల్లా విడిపోయాక పాత ఆధార్ అడ్రసుతో వేరే ఆఫీసుకు పోయి తిరిగొచ్చేవాళ్ళు అందుకే ఉంటారు. ఇద్దరూ సంతకం చేసిన నోటీసు, వయసు రుజువు (అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి), నివాస రుజువు, ఫొటోలు ఇవ్వాలి. నోటీసు ఆఫీసు గోడ మీద అంటిస్తారు. రెండోవాళ్ళ శాశ్వత నివాసం వేరే పరిధిలో ఉంటే ఒక ప్రతి అక్కడి ఆఫీసుకూ పోతుంది, అక్కడా అంటిస్తారు. ఇంట్లో చెప్పకుండా దాచిపెట్టి చేయడానికి ఇది దారి కాదన్నమాట.

30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. అభ్యంతరం నాలుగిటి మీదే నిలుస్తుంది: ముందు పెళ్ళి తాలూకు భార్యో భర్తో బతికి ఉండటం, మానసికంగా సమ్మతి ఇవ్వలేని స్థితి, వయసు చాలకపోవడం, నిషిద్ధ బంధుత్వం. 'మాకిష్టం లేదు', 'వాడు నాస్తికుడు' అనేవి చెల్లవు. గడువయ్యాక ముగ్గురు సాక్షులతో వెళ్ళి డిక్లరేషన్ మీద సంతకాలు పెట్టి, ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని మీకు అర్థమయ్యే భాషలో, అంటే హాయిగా తెలుగులోనే, పైకి చెప్పాలి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో ఇదంతా కాకపోతే మళ్ళీ మొదటికే. 'ఈ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి ఆస్తిలో వాటా పోతుందట కదా' అని భయపడుతుంటారు. ఇద్దరూ హిందువులుగా పుట్టినవాళ్ళైతే 21ఏ సెక్షను వల్ల పాత వారసత్వమే వర్తిస్తుంది.

ఇక మతం గడి. జనన ధ్రువపత్రం మీద మతం అచ్చవదు, దాని కోసం గొడవ అక్కర్లేదు. బడి ఫారంలో 'లేదు' అని రాయొచ్చు. గుమాస్తా కాదంటే, ఏదో ఒక మతం చెప్పి తీరాలని ప్రభుత్వం ఒత్తిడి చేయకూడదన్న బాంబే హైకోర్టు 2014 తీర్పును ప్రస్తావిస్తూ అర్జీ రాసివ్వండి. అది మన రాష్ట్రాన్ని కట్టేసే తీర్పు కాదు, వాదనకు ఊతం మాత్రమే. 'కులం లేదు, మతం లేదు' సర్టిఫికెట్ తిరుపతిలో ఇచ్చారు కదా అని అడుగుతుంటారు. 2019లో ఇచ్చింది తమిళనాడులోని తిరుపత్తూరులో, మన తిరుపతిలో కాదు.

అలిపిరి_కింద

చాలా ఉపయోగం. రెండు సందేహాలు. మేనరికమైతే ఈ ప్రత్యేక చట్టం కింద కుదురుతుందా? ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మతం 'లేదు' అని రాస్తే ఏమవుతుంది?

స్టాంపుల_అంగడి

అడగాల్సినవే అడిగారు. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు ముగ్గురూ ఆ చట్టం మొదటి షెడ్యూలులోని నిషిద్ధ బంధుత్వాల జాబితాలో ఉన్నారు. ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఉందంటారు కానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలి. 'మాలో తాతల నాటినుంచీ ఉంది' అంటే చాలదు. సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి నోటీసు ఇచ్చే ముందే ఇది చూసుకోండి. మేనరికం చేసుకునే నాస్తికులకు ఆచారం ప్రకారం తాళి కట్టి హిందూ వివాహ చట్టం కిందే పోవడం తప్ప సులువైన దారి లేదు. మేనరికం మంచిదా కాదా అనేది వేరే చర్చ, డాక్టర్లను అడగండి.

ఎస్సీ సంగతి జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాక వేరే మతం అవలంబించేవాళ్ళకు ఎస్సీ హోదా ఉండదు. నమ్మకం లేకపోవడం వేరే మతం కాదు. కానీ ఆ తేడా తహసీల్దారు ఆఫీసు కిటికీ దగ్గర ఎవరూ వినరు. ఒక కాగితంలో 'లేదు', ఇంకో కాగితంలో 'హిందూ' అని ఉంటే ఉద్యోగం వెరిఫికేషన్‌లో ఫైలు ఆగుతుంది. చదువు, ఉద్యోగం రిజర్వేషన్‌తో ముడిపడి ఉన్నంత కాలం అన్ని కాగితాల్లోనూ ఒకే మాట ఉంచండి. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు.

శనివారం_ఒక్కపొద్దు

నేను భక్తుణ్ణి. ఇక్కడ రాయొచ్చో లేదో గానీ, అవతలివైపు ఏది గుచ్చుకుంటుందో మీకు తెలియడం మంచిదే కదా.

నమ్మకం లేదంటే చాలామంది బాధపడతారు గానీ, పగబట్టరు. మాట తీరు దగ్గరే చెడుతుంది. 'ఆ రాయికి' అనే మాట ఒక్కసారి నోరు జారితే అంతకు ముందు చెప్పిన పది మంచి మాటలూ కొట్టుకుపోతాయి. హారతి పళ్ళెం మీ ముందుకొస్తే మొహం తిప్పుకోనక్కర్లేదు, చేతులు కట్టుకుని చిన్నగా తల ఊపితే పళ్ళెం పక్కవాళ్ళకు పోతుంది. తీర్థం వద్దనుకుంటే వరసలోనే నిలబడకండి. నిలబడ్డాక చెయ్యి వెనక్కి తీసుకోవడమే అవమానంగా కనిపిస్తుంది. 'గోవిందా' అని పలకరిస్తే 'నమస్తే సామీ' అనండి, ఎవరూ తప్పు పట్టరు. ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు కావాలని పలావు పొట్లం విప్పేవాళ్ళుంటారు, దాన్ని ధైర్యం అనుకోవద్దు.

ప్రసాదం గురించి పైన చంద్రగిరి గారు రాసినదానికి చిన్న సవరణ. తినండి. కానీ పెట్టేటప్పుడు 'నాకిది స్వీటే' అని మాత్రం అనకండి.

పుత్తూరు_కట్టు

కాణిపాకం ప్రశ్నకు ఎవరూ చెయ్యి పెట్టలేదు. మన వైపు అదే అన్నిటికంటే పదునైనది.

వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడితే ఊరుకోడని నమ్మకం కాబట్టి తగాదాలు అక్కడికి పోతాయి. నాస్తికుడికి రెండు వైపులా ఉచ్చే. రానంటే తప్పు చేశాడంటారు. వచ్చి ప్రమాణం చేస్తే, తర్వాత మీ సంగతి తెలిసినవాళ్ళు 'నమ్మనివాడికి ప్రమాణం ఒక లెక్కా' అంటారు. అందుకని జవాబు ముందే సిద్ధంగా ఉండాలి: 'నా ప్రమాణం మీకు పనికిరాదు, నాకు నమ్మకం లేదు కాబట్టి. దానికంటే గట్టిది ఇస్తా. చీటీ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకొస్తా, ఇద్దరు పెద్దల ముందు లెక్క రాసి సంతకం పెడతా.' ఈ మాట ఊళ్ళో నిలుస్తుంది, ఎందుకంటే సంతకం పెట్టేవాడు పారిపోయేవాడు కాడని అందరికీ తెలుసు. మీకే డబ్బు రావాల్సి ఉంటే ఇంకా జాగ్రత్త: ప్రోనోటుకు మూడేళ్ళే ప్రాణం. అవతలివాడు 'ఈ నెల కాదు, వచ్చే నెల కాణిపాకం పోదాం' అని తిప్పుతూ ఉంటే గడువు దాటుతుంది. దాటకముందే బాకీ ఒప్పుకుంటూ అతని సంతకంతో ఒక కాగితం తీసుకోండి.

కోర్టులో ఈ ఇబ్బంది లేదు. 1969 ప్రమాణాల చట్టం 5వ సెక్షను ప్రకారం సాక్షి దైవసాక్షిగా ప్రమాణం చేయకుండా నిజమే చెబుతానని ధ్రువీకరించవచ్చు. బోనెక్కగానే బంట్రోతు అలవాటుగా 'దేవుని ఎదుట' అని మొదలుపెడతాడు. 'ధ్రువీకరణ చేస్తానండీ' అంటే చాలు, అక్కడ ఉపన్యాసం వద్దు. సాక్ష్యం విలువ ఏమీ తగ్గదు.

వాదనల గురించి. అవతలివాళ్ళు అడిగినప్పుడే మాట్లాడండి, అడిగినదానికే మాట్లాడండి. 'నీకు కష్టమొస్తే ఎవర్ని తలుచుకుంటావు?' అన్నది తర్కం ప్రశ్న కాదు, మీ మీద దిగులు. దానికి విశ్వం పుట్టుక చెబితే రెండు చెవులకూ సంబంధం ఉండదు. 'మిమ్మల్నే తలుచుకుంటా' అంటే సరిపోతుంది. వేమన పద్యాలు ఆయుధంగా ఎత్తుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: ఆయన దులిపింది విగ్రహాలనూ ఆడంబరాన్నీ, దేవుణ్ణి లేడనలేదు. చదువుకున్న భక్తుడు ఎదురుగా ఉంటే అక్కడే దొరికిపోతారు. పాత శాస్త్రాల్లో నాస్తికుడంటే వేదప్రామాణ్యాన్ని ఒప్పుకోనివాడు, ఆ లెక్కన జైనులూ బౌద్ధులూ నాస్తికులే. ఆ మాటను ఇప్పటి అర్థంతో బాహాటంగా తగిలించుకుని తిరిగినవాడు గోరా (గోపరాజు రామచంద్రరావు). 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు. ఊళ్ళలో జనం ఆయన్ని రానిచ్చింది దేవుడు లేడన్నందుకు కాదు, అంటరానితనం మీద పోరాడుతూ సహపంక్తి భోజనాలు పెట్టించినందుకు.

రాతల దగ్గర హద్దు తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను (పాత 295ఏ) మత భావాలను దురుద్దేశంతో, కావాలని గాయపరిస్తే మూడేళ్ళ దాకా శిక్ష అంటుంది. 'నేను నమ్మను, కారణం ఇది' అన్నది దాని కిందికి రాదు. దేవుడి బొమ్మను మార్ఫింగ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం నేరుగా దాని కిందికే పోయే పని. చివరికి శిక్ష పడకపోయినా స్టేషన్ చుట్టూ తిరగడమే శిక్ష. కొండ మీద అన్యమత ప్రచారం 2007 నుంచి నిషేధం. నాస్తికత్వం మతమే కాదు కదా అని అక్కడ కరపత్రాలు పంచి, ఆ సూక్ష్మం విజిలెన్స్ వాళ్ళకు వివరించే సరదా పెట్టుకోవద్దు. దేవస్థానం ఉద్యోగాలు హిందువులకే కాబట్టి, అందులో ఉన్నవాళ్ళు ఎంత బాహాటంగా ఉండాలో నోరు తెరవకముందే లెక్క వేసుకోవాలి.

వినాయక చవితి చందాకు వస్తే 'మైకుకు ఇవ్వను, అన్నదానానికి బియ్యం మూట ఇస్తా' అనండి. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్ కూడదన్నది 2000 నాటి కేంద్ర నిబంధన. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. ఫిర్యాదు చేయాలనుకుంటే పక్కింటి భక్తుణ్ణి తోడు తీసుకుపోండి, చంటిపిల్లలూ ముసలివాళ్ళూ వాళ్ళింట్లోనూ ఉంటారు. ఆఫీసు ఆయుధపూజలో కొబ్బరికాయ కొట్టమంటే తప్పుకోండి గానీ ఇంటికి పోకండి. గేటు ముందు పగిలిన బూడిద గుమ్మడికాయ ముక్కల మీద బైకులు జారతాయి. చీపురు పట్టుకుని అది ఊడ్చే పని మీదే చేసుకోండి.

ఏడో_వార్డు

చావు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. బతికున్నంత కాలం నాస్తికుడిగా ఉన్న మనిషికి చివర్లో పిండాలు పెట్టడం తరచూ జరిగేదే, ఎందుకంటే అప్పుడు నిర్ణయం ఆయన చేతిలో ఉండదు.

దేహదానం చేయాలనుకుంటే ఎస్వీ మెడికల్ కాలేజీ ఎనాటమీ విభాగం లాంటి చోట ముందుగా సమ్మతి పత్రం ఇవ్వాలి. ఇద్దరు సాక్షుల్లో ఒకరు దగ్గరి బంధువైతే మేలు, ఎందుకంటే మీ సంతకం తర్వాత ఇంట్లోవాళ్ళను బలవంతపెట్టదు. వాళ్ళు వద్దంటే కాలేజీ తీసుకోదు. ఆ పత్రం మీ బీరువాలో ఉంటే దండగ, కర్మ చేయాల్సిన మనిషి దగ్గర ఒక నకలు ఉండాలి. ప్రమాదం, ఆత్మహత్య లాంటి పోస్టుమార్టం కేసులు, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి అంటురోగాలున్న దేహాలు సాధారణంగా తీసుకోరు. అందుకని 'కుదరకపోతే తంతు లేకుండా దహనం' అని రెండో మాట కూడా రాసి పెట్టండి. వైద్యుడిచ్చే మరణ ధ్రువీకరణ లేకుండా బండి కదలదు.

ఇంట్లోవాళ్ళు దినాలు చేస్తామంటే చేసుకోనివ్వండి, దేహం లేకపోయినా వాళ్ళకు ఆ పదకొండు రోజులు కావాలి. మీరు ఆపాలనుకున్నది మీ దేహానికి జరిగేదాన్నే గానీ వాళ్ళ ఏడుపును కాదు కదా.

కళ్ళు అన్నిటికంటే తేలిక. దేహదానం కుదరనివాళ్ళకూ, భక్తులైన ఇంట్లోవాళ్ళకూ అభ్యంతరం ఉండనిది ఇదే. ఆరు గంటల్లోపు తీయాలి, ఐ బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు, పావుగంట ఇరవై నిమిషాల పని. కళ్ళద్దాలు, షుగరు, శుక్లాల ఆపరేషన్ ఏవీ అడ్డు కావు. ఫోన్ చేశాక వాళ్ళు వచ్చేలోగా రెప్పలు మూసి, వాటి మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. దీపం తల దగ్గర పెట్టాలంటే కొంచెం ఎడంగా పెట్టమనండి. పైన ఫ్యాను ఆపేయాలి, గాలికి కార్నియా ఎండిపోతుంది.